గ్యాస్ దానంతటది అయిపోదు: ఏసీ తప్పుగా బిగిస్తే చట్టంలో మనకున్న దారులు

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో, వినియోగదారుల కేసులు చూసే ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం.

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఎండ ఇంకా దిగకముందే ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే ఈ బాధ మీలో చాలామందికి తగిలిందన్నమాట. సెక్రటరీ గారు ఫోన్ చేసి "వినియోగదారుల హక్కుల గురించి మాట్లాడండి మేడమ్" అన్నారు. హక్కులన్నీ ఒక్క సాయంత్రంలో చెబితే ఏదీ గుర్తుండదు. అందుకని ఒక్క ఏసీ గురించే మాట్లాడతానన్నాను. ఏసీ కొన్నాక ఇంటికొచ్చి దాన్ని గోడకు బిగిస్తారు చూడండి, ఆ గంటన్నర పని గురించి. అది సరిగా జరక్కపోతే ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, ఏం పట్టుకుని అడగాలి అన్న దాని గురించి.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాలుగేళ్ల క్రితం మార్చి నెలలో మా అత్తగారి గదికి ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ తీసుకున్నాం. షాపు పేరు, కంపెనీ పేరు చెప్పను. బిగించడానికి ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రం ఆరింటికి వచ్చారు. అప్పటికే ఆ రోజు వాళ్లకది అయిదో ఇల్లట. తిన్నారా బాబూ అంటే లేదన్నారు. గోడకు రంధ్రం కొట్టారు, రాగి పైపులు వంచారు, పైపు చివర్లు గరాటులా వెడల్పు చేసి నట్లు బిగించారు. దాన్నే వాళ్లు ఫ్లేర్ అంటారు. తర్వాత ఔట్‌డోర్ యూనిట్ దగ్గర వాల్వ్ కొంచెం తెరిచి, లావు పైపు నట్టు వదులు చేశారు. సుయ్‌మని ఓ పది సెకన్లు గాలి వచ్చింది. మళ్లీ బిగించేశారు. "ఇదేంటి?" అని అడిగితే, "పైపులో గాలి బయటికి పంపుతున్నాం మేడమ్" అన్నారు.

అది అలా చెయ్యకూడదని నాకప్పుడు తెలియదు. పైపుల్లో ఉన్న గాలిని, తేమని వాక్యూమ్ పంపు పెట్టి లాగెయ్యాలి. అందుకు కొంత సమయం పడుతుంది. ఆ పంపు బరువు, మూడో అంతస్తు మెట్లు, ఇంకా రెండిళ్లు మిగిలి ఉన్నాయి. ఏసీలో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని నెట్టేస్తే పని తొందరగా అయిపోతుంది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఇంటికింత అని లెక్కగట్టి ఇచ్చే కూలి అలా పరుగెత్తిస్తుంది. కానీ దాని ఫలితం మా అత్తగారి మంచం మీద పడింది. నిజంగానే పడింది. జులైలో ఒక రాత్రి ఇండోర్ యూనిట్‌లోంచి నీళ్లు కారి పరుపు తడిసింది. మూత తీసి చూస్తే కాయిల్ మీద మంచు పేరుకుని ఉంది.

కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చాడు. "గ్యాస్ అయిపోయింది మేడమ్" అని గ్యాస్ నింపి 2,800 రూపాయలు తీసుకున్నాడు. "ఓటీపీ వచ్చింది చూడండి, చెబితే కంప్లైంట్ క్లోజ్ చేస్తాను" అన్నాడు. చెప్పాను. మళ్లీ మార్చి వచ్చేసరికి అదే కథ. మళ్లీ గ్యాస్, మళ్లీ 2,800, మళ్లీ ఓటీపీ. అప్పటికే పక్కనున్న ఫాల్స్ సీలింగ్ బోర్డు ఉబ్బి, పసుపు మరక కట్టింది.

మూడోసారి, ఏప్రిల్‌లో, కొంచెం వయసున్న మనిషి వచ్చాడు. వస్తూనే గ్యాస్ ప్రెషర్ చూసే గేజీ తియ్యలేదు. టార్చి వేసి ఇండోర్ యూనిట్ వెనక పైపులు కలిసేచోట నల్లటి తొడుగు విప్పాడు. నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక, దానికి దుమ్ము అంటుకుని ఉంది. వంటింట్లోంచి గిన్నెల సబ్బు అడిగి, నీళ్లలో నురగ చేసి, ఆ నట్టు మీద వేలితో రాశాడు. "చూడండి మేడమ్" అన్నాడు. ఆవగింజంత బుడగ ఒకటి లేచి, పెద్దదై, పగిలింది. దాని వెనకాలే ఇంకొకటి. "ఫ్లేర్ పగిలింది. మొదటి రోజు నుంచే ఇలా ఉండి ఉంటుంది" అన్నాడు.

ఇక్కడే నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఉంది. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు. నడిచేకొద్దీ అది ఖర్చు కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. కాబట్టి కొత్త ఏసీ బిగించిన కొద్ది నెలలకే వచ్చి "గ్యాస్ అయిపోయింది" అని ఎవరైనా అంటే, లీకు ఉందని వాళ్ల నోటితో వాళ్లే ఒప్పుకుంటున్నట్టు. ఆ మాట జాబ్ కార్డు మీద, అంటే టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చే కాగితం మీద, రాసి ఉంటే అది మీ కేసుకు పునాది. మనమేమో ఆ కాగితాన్ని కూరగాయల సంచిలోనో ఫ్రిజ్ మీదనో పడేస్తాం.

నేను ఆ పెద్దాయన్ని బతిమాలాను. "అన్నయ్యా, మీరు చూసిందే కార్డు మీద రాయండి, ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు" అన్నాను. కాసేపు తటపటాయించాడు. ఉద్యోగం కదా. చివరికి "ఇండోర్ జాయింట్ దగ్గర ఫ్లేర్ నట్ లీక్, ఫ్లేర్ మళ్లీ చేసి వాక్యూమ్ చేసి గ్యాస్ నింపాం" అని రాసి సంతకం పెట్టాడు. నట్టు విప్పకముందే నేను ఫోన్‌లో వీడియో తీశాను, బుడగలతో సహా. తర్వాత కేసులో నేను చదివిన చట్టం కంటే ఆ ఒక్క వాక్యం, ఆ నలభై సెకన్ల వీడియో ఎక్కువ పనిచేశాయి.

ఎందుకంటే సేవలో లోపం ఉందని చూపించే బాధ్యత ముందు ఫిర్యాదు చేసినవాళ్లదే. సుప్రీంకోర్టు 2021లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఏసీ కేసుల్లో ఉన్న చిక్కేంటంటే సాక్ష్యం ఆ నట్టు దగ్గరే ఉంటుంది. ఇంకో మెకానిక్ వచ్చి దాన్ని విప్పి సరిచేసిన క్షణంలో అది మాయమైపోతుంది. ఎండాకాలంలో చల్లదనం కావాలన్న తొందరలో మన చేతులతో మనమే సాక్ష్యాన్ని చెరిపేసుకుంటాం. బాగు చేయించుకోవద్దని అనడం లేదు. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఎలా ఆగుతాం? విప్పేముందు ఫొటో తీయండి, వీడియో తీయండి, వచ్చినవాడి చేత కారణం రాయించుకోండి. బయటి మెకానిక్ అయితే తెల్లకాగితం మీద తేదీ, ఫోన్ నంబరు, సంతకంతో రాసిచ్చినా పనికొస్తుంది. తర్వాత అవసరమైతే అతని అఫిడవిట్ వేయించుకోవచ్చు.

ఓటీపీ గురించి కూడా ఒక మాట. సమస్య తీరకముందే ఓటీపీ చెప్పారంటే కంపెనీ కంప్యూటర్‌లో "కస్టమర్ తృప్తి చెందారు, ఫిర్యాదు ముగిసింది" అని పడుతుంది. రేపు వినియోగదారుల కమిషన్‌లో వాళ్లు ఫైల్ చేసే మొదటి కాగితం అదే. ఏసీ రెండు గంటలు నడిచాక చెబుతానని చెప్పండి. ఒత్తిడికి చెప్పేశారా, అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి: సమస్య తీరలేదు, ఓటీపీ అడిగితే చెప్పాను అని.

ఇప్పుడు ఎవరిని అడగాలి అన్నదానికొద్దాం. ఏసీ పాడైతే ముగ్గురు ఉంటారు. షాపువాడు, కంపెనీ, బిగించినవాళ్లు. షాపువాడు "మేం పెట్టె అమ్మాం, బిగింపు కంపెనీది" అంటాడు. కంపెనీ "మెషీన్‌లో లోపం లేదు, ఇన్‌స్టాలేషన్ సరిగా లేదు" అంటుంది. బిగించినవాళ్లు "గోడ అలా ఉంది, పైపు అలా ఉంది" అంటారు. మనం ముగ్గురి మధ్యా బంతిలా తిరుగుతాం. ఎవరిది తప్పో తేల్చుకుని ఆ ఒక్కరి మీదే కేసు వేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ముగ్గుర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి వాటా ఎంతో తేల్చడం కమిషన్ పని. ఒక్కరినే చేర్చారనుకోండి, ఆ ఒక్కరూ లేనివాళ్ల మీదికి తోసేసి తప్పుకుంటారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. ఇందులో వస్తువులో లోపం వేరు, సేవలో లోపం వేరు. కంప్రెసర్ పాడైతే అది వస్తువు లోపం. ఫ్లేర్ పగలడం, డ్రెయిన్ పైపుకు వాలు ఇవ్వకపోవడం, ఎర్తింగ్ కలపకపోవడం, గాలి ఆడని మూలలో ఔట్‌డోర్ యూనిట్ ఇరికించడం, ఇవన్నీ సేవా లోపాలు. ఫిర్యాదులో రెండూ రాయండి. కంపెనీ వకీలు "మెషీన్ బాగుంది" అని నిరూపించినా సేవా లోపం అనే రెండో కాలు మీద మీ కేసు నిలబడుతుంది.

"ఫ్రీ ఇన్‌స్టాలేషన్" అన్న చోట ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ఉచితంగా చేసిన సేవ ఈ చట్టం కిందికి రాదు. అందుకని అవతలి పక్షం "బిగింపుకు డబ్బు తీసుకోలేదు కదా" అని వాదిస్తుంది. దానికి జవాబు: ఆ ఉచితం ఏసీ ధరలో కలిసే ఉంది, ఏసీ కొనకపోతే ఎవరూ వచ్చి ఊరికే బిగించరు. అది అమ్మకంలో భాగమే. పైగా అదనపు రాగి పైపుకు, స్టాండుకు, గోడకు రంధ్రం వేసినందుకు దాదాపు ప్రతి ఇంట్లోనూ విడిగా డబ్బు తీసుకుంటారు. ఆ చిన్న రసీదు భద్రంగా ఉంచండి. రసీదు ఇవ్వలేదంటారా? బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పంపిన చెల్లింపు వివరాలు డబ్బు ఇచ్చారనడానికి రుజువు. అందుకే బిగించేవాళ్లకు చేతికి నోట్లు ఇవ్వకండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు, యాప్‌లో మెకానిక్‌ని పిలిచినవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ముందు ఆయనకు రాయండి. జవాబు రాకపోయినా నష్టం లేదు, ఆ మౌనాన్ని కూడా ఫిర్యాదుకు జతచేయండి.

1915 నంబరు మీకు తెలిసే ఉంటుంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అది కోర్టు కాదు, తీర్పులివ్వదు. మీ ఫిర్యాదును కంపెనీ పై ఆఫీసుకు పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. ఊరి సర్వీస్ సెంటర్ మూడు నెలలు తిప్పిన పని పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే వారంలో అయిపోవడం చాలాసార్లు చూశాను. చిన్న గొడవలకు ముందు ఇదే ప్రయత్నించండి. మీ ఫిర్యాదుకు వాళ్లిచ్చే డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి.

అక్కడా తేలకపోతే నోటీసు. ఫిర్యాదు వేసేముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ ఇవ్వడం మంచిది. వకీలు పేరు మీదే ఇవ్వాలని కూడా లేదు. మీరే ఒక పేజీలో తేదీల వారీగా రాయండి: ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు బిగించారు, ఎన్నిసార్లు వచ్చారు, ప్రతిసారీ ఏం చెప్పారు, మీకేం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. పదిహేను రోజులు చాలు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. నోటీసులో తిట్లు వద్దు. కోపం పొంగిన పేజీని కమిషన్ సభ్యులు చదువుతున్నప్పుడు మీ అసలు విషయం వెనక్కి పోతుంది.

ఇక కమిషన్. ఇప్పటికీ అందరం కన్స్యూమర్ ఫోరం అనే అంటాం, చట్టంలో పేరు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. ఇక్కడ ఇచ్చిన ధరనే చూస్తారు, అడిగే పరిహారాన్ని కాదు. ధర 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. అంటే ఇంటి ఏసీల కేసుల్లో దాదాపు అందరికీ ఫీజు సున్నా. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉందా ముంబయిలో ఉందా అన్నదీ అక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు, వీడియోలో వాదన వినమని కూడా అడగవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేని ఆడవాళ్లు ఎవరైనా ఉంటే, న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబరు 15100.

గడువు రెండేళ్లు. లోపం బయటపడినప్పటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. "వస్తాం, చూస్తాం, పైకి రాశాం" అంటూ వాళ్లు కాలం గడుపుతారు. మీరు మెయిళ్ల మీద మెయిళ్లు పెడుతూ గడువు పెరుగుతోందనుకుంటారు. ఉత్తరాలు రాసినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి బలమైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అడిగితే మరో 15 రోజులు. ఆ 45 రోజులు దాటితే ఇక లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. మొత్తం కేసు మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే అయిదు నెలల్లో ముగియాలని చట్టం చెబుతుంది. వాస్తవం మీకు దాచను. అంతకంటే ఎక్కువే పడుతుంది. నా సొంత కేసుకే పద్నాలుగు నెలలు పట్టింది. అది తెలిసే దిగండి. మధ్యలో మధ్యవర్తిత్వానికి పంపుతామని కమిషన్ అడిగితే వెంటనే కాదనకండి. ఏసీ కేసుల్లో చాలాసార్లు కంపెనీ మనిషి టేబుల్ దగ్గర కూర్చోగానే సర్దుబాటుకు వస్తాడు.

ఏం అడగాలి? లోపం సరిచేయమని, లేదా మార్చి ఇమ్మని, లేదా డబ్బు వడ్డీతో వాపసు ఇమ్మని అడగవచ్చు. బిగింపు ఛార్జీ, గ్యాస్‌కు పెట్టిన డబ్బు, పాడైన సీలింగు, తడిసిన పరుపు, గోడ రంగు, ఇవన్నీ బిల్లులతో సహా అడగండి. మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కూడా. కానీ నలభై వేల ఏసీకి అయిదు లక్షల మనోవేదన అడగకండి. అలా అడిగిన ఫిర్యాదును మొదటి పేజీ నుంచే అనుమానంతో చదువుతారు. తగినంత అడగండి, అడిగిన ప్రతి రూపాయికీ కాగితం చూపించండి.

ఇప్పుడు ఈ అపార్ట్‌మెంట్‌కే ప్రత్యేకంగా వర్తించే మాట. మీ బిల్డర్ గోడల లోపల ఏసీ రాగి పైపులు ముందే వేసి ఇచ్చాడని సెక్రటరీ గారు చెప్పారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, బయట పైపులు కనపడవు. కానీ ప్లాస్టరింగ్ వేసేటప్పుడు ఎక్కడైనా మేకు దిగినా, వంపు దగ్గర పైపు నొక్కుకుపోయినా, అతుకు సరిగా పడకపోయినా లోపం గోడలో సమాధి అయిపోతుంది. మీరు కొత్త ఏసీ తెచ్చి దానికి కలుపుతారు. చల్లదనం తగ్గితే ఏసీ కంపెనీని తిడతారు. కంపెనీ మాత్రం "ఆ పైపు మాది కాదు" అంటుంది. ఈసారి కంపెనీ మాట నిజం.

ఇలాంటప్పుడు దారి రెరా, అంటే ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే చట్టం. 2016 రియల్ ఎస్టేట్ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలోగానీ, పనితనంలోగానీ, నాణ్యతలోగానీ, సేవల్లోగానీ లోపం బయటపడి మీరు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. పగుళ్లు, కారుతున్న స్లాబు గురించి అందరూ ఈ సెక్షన్ వాడతారు. గోడలో పైపు కూడా బిల్డర్ పనితనమే అన్న సంగతి చాలామందికి తట్టదు. కాబట్టి ఇంకా ఏసీ కలపనివాళ్లు ముందు ఆ పైపులో నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలబడుతుందో లేదో పరీక్ష చేయించండి. రాత్రంతా ఉంచి పొద్దున గేజీ ముల్లు చూడండి. పడిపోయి ఉంటే రెండు సమయాల్లోనూ ఫొటో తీసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇరవై ఫ్లాట్లలో ఇదే బాధ ఉంటే ఇరవై కేసులు అక్కర్లేదు. ఒకే సమస్య ఉన్న వినియోగదారులు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు.

ఏసీ అన్నాం కాబట్టి వేడి సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లల్లో వేడి అంటే గీజరే. ఎలక్ట్రిక్ గీజర్‌కు ఎర్తింగ్ సరిగా లేకపోతే షాక్. గ్యాస్ గీజర్ అయితే ఇంకా ప్రమాదం. గాలి ఆడని బాత్రూములో బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపు వేసుకుని స్నానానికి వెళ్లిన మనిషి బయటికి రాకపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. గ్యాస్ గీజర్ బాత్రూములో ఉన్నవాళ్లు దయచేసి ఈ రాత్రే దాన్ని ఆపేసి, బయటికి మార్పించుకోండి. ఇది కేసుల కంటే ముందు మాట.

అలాంటి ప్రమాదంలో గాయమో ప్రాణనష్టమో జరిగితే 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని వేరే అధ్యాయం ఉంది. తయారుచేసినవాళ్లతో పాటు అమ్మినవాళ్లను, బిగించి సేవ చేసినవాళ్లను కూడా బాధ్యుల్ని చేయడానికి అందులో దారి ఉంది. తప్పుగా, అరకొరగా సేవ చేసినా, వాడకంలో ప్రమాదం గురించి హెచ్చరించకపోయినా అడగవచ్చు. అయితే పాడైన వస్తువు విలువ ఈ అధ్యాయం కింద రాదు, అది మామూలు ఫిర్యాదులో అడగాలి. ప్రాణాలతో ముడిపడిన కేసుల్లో మాత్రం సొంతంగా వేయకండి, అనుభవమున్న వకీలు దగ్గరికి వెళ్లండి.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

"ఏసీ మా అబ్బాయి అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో కొని పంపాడు, బిల్లు వాడి పేరు మీద ఉంది. నేను కేసు వేయవచ్చా?" వేయవచ్చు పెద్దాయనా. కొన్నవారి అనుమతితో వాడుకుంటున్నవారు కూడా వినియోగదారులే అని చట్టం చెబుతుంది. అబ్బాయి చేత ఒక మెయిల్ మాత్రం పెట్టించుకోండి, "నాన్నగారి కోసమే కొన్నాను" అని.

"మా కింద షాపులో ఏసీకి కూడా ఇదే సమస్య." వ్యాపార అవసరానికి కొన్నవాటికి ఈ చట్టం వర్తించదు. కానీ బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే చిన్న దుకాణమైతే మినహాయింపు ఉంది. టైలరమ్మ తన కుట్టు గదికి పెట్టుకున్న ఏసీకి వర్తిస్తుందని వాదించవచ్చు. పాతిక మంది పనిచేసే ఆఫీసుకు కష్టం, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

"వారంటీ కార్డులో వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కే అని ఉంది." అంటే కోర్టు బదులు ఒక ప్రైవేటు తీర్పరి దగ్గరే తేల్చుకోవాలని. ఉండనివ్వండి. ఆ షరతు ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కు రావచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

ఇదొకటి డాలస్‌లో కూతురు ఉన్న తల్లి రాశారు. అక్కడ ఇంటికి కొత్తగా హీటింగ్, కూలింగ్ సిస్టమ్ పెట్టించారట, చలికాలంలో ఫర్నేసు ఆగిపోతోందట, కాంట్రాక్టరు పలకడం లేదట. మన చట్టం అక్కడ పనిచేయదమ్మా. నేను అక్కడి వకీలును కాదు కాబట్టి మొదటి అడుగులే చెబుతాను. టెక్సస్‌లో ఆ పని చేసేవాళ్లకు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ, టీడీఎల్ఆర్ అంటారు, అక్కడి లైసెన్సు ఉండాలి. కాంట్రాక్టరు బండి మీద ఆ నంబరు ఉంటుంది. ముందు ఆ నంబరు ఆన్‌లైన్‌లో చూసుకుని, ఆ శాఖకు ఫిర్యాదు చేయమనండి. వినియోగదారులను మోసపు పద్ధతుల నుంచి కాపాడే రాష్ట్ర చట్టం కింద దావా వేసేముందు 60 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 20,000 డాలర్ల దాకా అయితే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో సొంతంగా వేసుకోవచ్చు. ఫొటోలు, కాగితాల విషయంలో మాత్రం ఇక్కడ చెప్పిందే అక్కడా వర్తిస్తుంది. సరిచేయించేముందు ఫొటో తియ్యమనండి.

చివరి చీటీ: "గెలిచాక కూడా డబ్బు ఇవ్వకపోతే?" ఇది నాకే జరిగింది, కాబట్టి వివరంగా చెబుతాను. నా కేసులో బిగింపు ఛార్జీ, రెండుసార్లు గ్యాస్‌కు ఇచ్చిన 5,600, సీలింగ్ మార్చిన ఖర్చు, పది వేల పరిహారం, కేసు ఖర్చులు ఇవ్వమని ఆర్డర్ వచ్చింది. వాళ్లు అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, ఆర్డర్ అయిన సొమ్ములో సగం ముందే జమ కట్టాలి. వెళ్లలేదు. అలాగని డబ్బూ ఇవ్వలేదు. ఫోన్ చేస్తే "అకౌంట్స్‌కు పంపాం మేడమ్" అన్నారు. 45 రోజులు దాటిన మర్నాడు అమలు పిటిషన్ వేశాను. అందులో రెండు దారులూ అడిగాను. ఒకటి, సివిల్ కోర్టు డిక్రీని, అంటే తీర్పును, అమలు చేసినట్టే సొమ్ము వసూలు చేయమని. రెండు, 72వ సెక్షన్ కింద చర్య తీసుకోమని. కమిషన్ ఆర్డర్‌ను పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఆ సెక్షన్‌లో ఉన్నాయి. నోటీసు వాళ్లకు అందిన తొమ్మిదో రోజు మొత్తం సొమ్ము నా ఖాతాలో పడింది. ఆ మూడోసారి బిగించిన నట్టు ఇప్పటికీ కారలేదు. గ్యాస్ మళ్లీ నింపించాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

జాబ్ కార్డులు, బిల్లులు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ టేబుల్ దగ్గరికి రండి, ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.